నాటు గింజను నిలబెట్టడం గురించి మేనల్లుడికి

బసవనగుడి, బెంగళూరు

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. హిమాచల్ ప్రదేశ్‌లోని కులూ కొండల్లో తిరిగి వచ్చి, అక్కడి పల్లెల్లో తరతరాలుగా ఉన్న నాటు గంజాయి రకాలు బయటి సంకర విత్తనాలతో కలిసి గుణం మారిపోతున్నాయని బాధపడ్డావు. కొన్ని గింజలు తెప్పించి నీ ఇంటి మేడ మీద పెంచి, వాటిని కాపాడి పదిమందికి పంచితే ఎలా ఉంటుందని అడిగావు. నీ బాధ న్యాయమైనదే. ఆ ఆలోచనను మాత్రం ఇక్కడితో వదిలిపెట్టు.

ముందు చట్టం సంగతి చెబుతాను. 1985 నాటి మాదక ద్రవ్యాల చట్టం ప్రకారం అనుమతి లేకుండా గంజాయి మొక్కను పెంచడం నేరం. దానికి పదేళ్ల వరకు కఠిన కారాగార శిక్ష, లక్ష రూపాయల వరకు జరిమానా ఉన్నాయి. విత్తనం కాపాడాలనే సదుద్దేశంతో పెంచానన్న మాట అక్కడ చెల్లదు. అదే చట్టంలోని 14వ సెక్షన్ కింద నార కోసం, గింజల కోసం సాగుకు ప్రభుత్వం అనుమతి ఇవ్వవచ్చు. మత్తు గుణం తక్కువగా ఉండే రకాలకు ఉత్తరాఖండ్ 2018లో ఆ దారి తెరిచింది. కొండవాళ్లు ఆ గింజలను వేయించి పచ్చడి నూరుకుంటారు, నారతో తాళ్లు పేనుతారు, కులూలో ఆ నారతోనే పులా అనే చెప్పులు అల్లుతారు. కాబట్టి ఆ మొక్కకు గౌరవప్రదమైన బతుకు లేదని నేననడం లేదు. ఆ బతుకు అక్కడి రైతుల చేతుల్లో, అనుమతి ఉన్న పొలాల్లో సాగవలసిందే కానీ నీ మేడ మీద కాదు.

రెండవ కారణం ఆ మొక్క స్వభావంలోనే ఉంది. అందులో ఆడమొక్క వేరు, మగమొక్క వేరు. పుప్పొడి గాలికి ఎగిరి చాలా దూరం పోతుంది. అటువంటి పంటలో ఒక రకం తన గుణం నిలబెట్టుకోవాలంటే పదుల సంఖ్యలో మొక్కలు కావాలి, చుట్టుపక్కల వేరే రకం ఉండకూడదు. పైగా ఆ కొండ చలి, అక్కడి పగటి నిడివి ఏటేటా ఏ మొక్క బతకాలో ఎంచి పెట్టిన ఫలితమే ఆ రకం. దాన్ని తెచ్చి బెంగళూరులో నాలుగు కుండీల్లో వేస్తే, మూడో ఏటికి నీ దగ్గర మిగిలేది ఆ పేరు మాత్రమే.

అయితే నాటు రకాన్ని నిలబెట్టే విద్య ఏ పంటకైనా దాదాపు ఒక్కటే. దాన్ని ఈ ఊరికి, ఈ మట్టికి చెందిన పంటతో నేర్చుకో. నేనైతే అనపకాయతో మొదలుపెట్టమంటాను. సంక్రాంతి ముందు గాంధీ బజారులో గుట్టలు పోసి అమ్మే అవరెకాయ అదే. మన అనంతపురం వైపు అనపకాయ అంటాం, గింజలు నానబెట్టి తొక్క తీస్తే పితికిపప్పు అవుతుంది. నాటు కాయను ఒలిచినప్పుడు వేళ్లకు జిడ్డుగా అంటుకొనే వాసన ఉంటుంది చూడు, సబ్బుతో కడిగినా పూటంతా పోదు. ఆ వాసన కోసమే బెంగళూరు దగ్గరి మాగడి కాయను ఏరి కొనేవాళ్లు ఇక్కడ ఎందరో ఉన్నారు. ఏడాది పొడుగునా కాసే కొత్త రకాలు వచ్చాక రైతుకు మేలు జరిగింది, దాన్ని నేను కాదనను. కానీ నా ముక్కుకు వాటిలో ఆ వాసన ఆనదు.

నాటు అనప పగలు పొట్టిపడితే గాని పూత పట్టదు. ఆషాఢంలో గింజ వేస్తే కార్తీకం దాకా తీగ అల్లుకుంటూ పోతుందే తప్ప పువ్వు కనిపించదు, అప్పుడు కంగారుపడి ఎరువు వేయకు. మా మేడ మీద రెండు డ్రమ్ముల్లో వేసిన ఒకే గింజ ఒక ఏడు వేర్వేరుగా ప్రవర్తించింది. నీళ్ల ట్యాంకు చాటున ఉన్న తీగ విరగబూసింది, వీధిదీపం వెలుగు రాత్రంతా పడే మూలలోని తీగ ఆకులు మాత్రమే వేసింది. డ్రమ్మును చీకటి వైపుకు జరిపిన నెలలోపు దానికీ మొగ్గ వచ్చింది. పుస్తకంలో చదివినదాని కన్నా ఆ రెండు డ్రమ్ములు నాకు ఎక్కువ నేర్పాయి.

అనపలో పువ్వు చాలావరకు తనలో తానే ఫలదీకరణ చెందుతుంది, తేనెటీగల వల్ల కొంత కలయిక జరిగినా ఇబ్బంది తక్కువ. టమాటా కూడా దాదాపు అంతే, వంకాయలో కలయిక కాస్త ఎక్కువ జరుగుతుంది. బీర, సొర, గుమ్మడి అలా కావు. వాటిలో మగపువ్వు వేరు, ఆడపువ్వు వేరు, పక్కింటి మేడ మీది సంకర బీర పుప్పొడిని తేనెటీగ నీ తీగకు తెచ్చి పెడుతుంది. ముప్పై అడుగులకు నలభై అడుగుల సైట్లు ఒకదానినొకటి ఆనుకొని ఉన్న మన వీధుల్లో దూరం పాటించడం కుదరని పని, కాబట్టి చేత్తో చేయాలి. బీరపువ్వు సాయంత్రం విచ్చుకుంటుంది. ఆ మధ్యాహ్నమే మర్నాటివి కాక ఆ రోజు విచ్చబోయే మొగ్గలను, ఆడవీ మగవీ రెండింటినీ గుర్తుపట్టి, పసుపు రంగు తొంగిచూస్తున్న కొసను దారంతో వదులుగా కట్టు. చీకటి పడబోతుండగా విప్పి, మగపువ్వు రేకులు తీసేసి దాని కేసరాలను ఆడపువ్వు నడుమ పుప్పొడి అందుకునే కీలాగ్రానికి మెల్లగా రాసి, ఆడపువ్వును మళ్లీ కట్టెయ్యి. వీలైనంత వరకు మగపువ్వు వేరే తీగది కావాలి. ఆ పిందె కాడకు ఒక రంగు దారం కట్టి, ఆ కాయను కూరకు కోయవద్దని ఇంట్లో అందరికీ చెప్పు. మా ఇంట్లో ఒకసారి చెప్పడం మరిచిపోయినందుకు ఒక సీజన్ అంతా పోయింది.

విత్తనానికి మిగిలిపోయిన కాయలను వదిలే అలవాటు చాలా ఇళ్లలో ఉంది, అది తప్పు. ఆరోగ్యంగా ఉన్న మొక్కల మీద మొదటి కాపు, రెండవ కాపులోనే విత్తనపు కాయను ఎంచి వదలాలి. ఇంకొక తప్పు చదువుకున్నవాళ్లే ఎక్కువగా చేస్తారు. అన్నిటికన్నా పెద్ద కాయ, అన్నిటికన్నా నిగనిగలాడే గింజ ఒక్కటే ఏరుకుంటారు. నాటు రకమంటే ఒకే అచ్చులో పోసినది కాదు. అందులో కొంచెం ముందు పూసేది, కొంచెం ఆలస్యంగా పూసేది, ఎండకు ఓర్చేది, తెగులుకు ఓర్చేది కలిసి ఉంటాయి. స్పష్టంగా వేరే జాతిలా కనిపించే కేళీలను పీకెయ్యి, కానీ మిగిలిన తేడాలను చెరిపెయ్యకు. ఐదారు మొక్కలకు తగ్గకుండా, ఒక్కో మొక్క నుంచి కొంత కొంత తీసుకో. జొన్న, మొక్కజొన్న జోలికి మేడ మీద పోవద్దు. మొక్కజొన్నకు వంద మొక్కలున్నా చాలవనిపిస్తుంది.

ఆరబెట్టడం సులువనుకుంటారు గాని నేను దెబ్బతిన్నది అక్కడే. మడకశిర దగ్గర మా అమ్మ పెరట్లో ముళ్ల వంకాయ ఉండేది. తొడిమె మీద ముళ్లు గుచ్చుకునేవి, గుత్తి వంకాయ చేస్తే వెన్నలా ఉండేది. అమ్మ పోయాక ఆ గింజలు నా దగ్గరే ఉన్నాయి. ఒక శ్రావణంలో, నాలుగు రోజులు ముసురు పట్టి ఉండగా, సరిగా ఆరని గింజలను గాజుసీసాలో పోసి బిగించాను. దసరాకు మూత తీస్తే బూజు వాసన కొట్టింది. తడిగుడ్డలో చుట్టిన యాభై గింజల్లో ఒక్కటీ మొలవలేదు. ఆ రాత్రి నేను అన్నం తినలేకపోయాను. తర్వాత ఎప్పుడో గుర్తొచ్చింది, మా కింది వాటాలో అద్దెకుండి ములబాగిలుకు వెళ్లిపోయిన ఇల్లాలికి మా ఆవిడ ఒకప్పుడు గుప్పెడు గింజలిచ్చింది. ఫోన్ చేస్తే, “మామిడిచెట్టు పక్కన ఇప్పుడూ కాస్తున్నాయండీ” అన్నది. ఈ రోజు మా ఇంట్లో ఉన్నది ఆమె దాచిన గింజే.

అందుకని ఇలా చెయ్యి. వంకాయ మొక్క మీదే పండి పసుపురంగుకు తిరిగాక కోసి, గింజలు కడిగి, చేటలో నీడపట్టున ఆరబెట్టి, తర్వాత రెండు మూడు రోజులు ఉదయపు ఎండ చూపించు. మధ్యాహ్నం కాలే సిమెంటు గచ్చు మీద పోయకు. అనప గింజ పంటి కింద గాటు పడకుండా కటుక్కుమంటే ఆరినట్టు. గింజలో తేమ ఒక్క శాతం తగ్గినా, నిలవచోటి వేడి ఐదు డిగ్రీలు తగ్గినా దాని ఆయుష్షు సుమారు రెట్టింపవుతుందని విత్తనశాస్త్రం చెబుతుంది. బాగా ఆరిన తర్వాత బిగుతు మూత సీసాలో ఫ్రిజ్‌లో పెట్టవచ్చు, అయితే బయటికి తీశాక చల్లదనం పోయేదాకా మూత తీయకూడదు, తీస్తే లోపల చెమ్మ పడుతుంది. పప్పుగింజలు పుచ్చిపోకుండా బూడిద కలపడం, ఎర్రమట్టి పట్టించి ఆరబెట్టడం మన పెద్దల పద్ధతులు. జహీరాబాద్ దగ్గర పస్తాపూర్ చుట్టుపక్కల ఆడవాళ్లు పేడతో అలికిన బుట్టల్లో బూడిద, వేపాకు వేసి ఇప్పటికీ దాస్తున్నారు. వాళ్ల పాత పంటల జాతరను సంక్రాంతి రోజుల్లో వెళ్లి చూడు. బీరకాయకైతే ఏ శ్రమా అక్కర్లేదు, తీగ మీదే ఎండిన కాయను వంటింటి దూలానికి వేలాడదీస్తే చాలు.

పంచడం గురించి నువ్వు ఎక్కువగా అడిగావు. మొలక పరీక్ష చేయకుండా ఎవరికీ ఇవ్వకు. ఇరవై గింజలను తడిగుడ్డలో చుట్టి పదహారైనా మొలిస్తేనే పొట్లం కట్టు. పొట్లం మీద పేరొక్కటే రాస్తే చాలదు. నేనొకసారి “అనప” అని మాత్రం రాసి కాకినాడ మిత్రుడికి పంపితే, ఆయన ఆనపకాయ, అంటే మన సొరకాయ, అనుకొని పెద్ద పందిరి వేయించి రెండు నెలలు ఎదురుచూశారు. ఏ ఊరి గింజ, ఎవరి ఇంట్లోది, ఎప్పుడు కోసినది, ఏ నెలలో వేయాలి, వండితే ఎలా ఉంటుంది, ఇవన్నీ రాయి. గింజ ఇచ్చిన రైతు పేరు చెప్పడానికి ఆయన ఒప్పుకుంటే తప్పక రాయి, అది ఆయన ఆస్తి.

తమిళనాడులో నెల్ జయరామన్ గారు 174 నాటు వరి రకాలను సేకరించి, రైతుకు రెండు కిలోలిచ్చి మరుసటి ఏడు నాలుగు కిలోలు తిరిగిమ్మనేవారు. మన పల్లెల్లో గింజకు గింజే వడ్డీగా తీసుకొనే పద్ధతి లాంటిదే అది. నువ్వూ డబ్బు తీసుకోకు, గింజలే తిరిగి అడుగు. కనీసం మూడు ఇళ్లలో మొలిచేదాకా ఏ రకాన్నీ కాపాడానని అనుకోకు. ఇందులో చట్టం నీ పక్షాన ఉంది. 2001 నాటి మొక్కల రకాల పరిరక్షణ, రైతుల హక్కుల చట్టం విత్తనం దాచుకోవడానికి, విత్తడానికి, మార్చుకోవడానికి, పంచుకోవడానికి, అమ్ముకోవడానికి కూడా రైతుకు హక్కు ఇచ్చింది. రక్షణ పొందిన రకాన్ని బ్రాండు పేరుతో అమ్మడం ఒక్కటే కూడదు.

ఈ ఉత్తరంతో పాటు పెట్టిన పొట్లంలో పన్నెండు అనప గింజలున్నాయి. ఎనిమిది వెయ్యి, నాలుగు దాచు. వచ్చే ఆదివారం వస్తే ముళ్ల వంకాయ నారు కూడా ఇస్తాను, మట్టి కుండీ ఒకటి నువ్వే తెచ్చుకో.

మీ మామయ్య