తాంబరం కరెంటు బండి తాతల కాలం నాటిదా?

ప్రశ్న: అండీ, మాది క్రోంపేట, రోజూ ఎలక్ట్రిక్ ట్రైన్‌లో చెన్నై బీచ్ స్టేషన్ దాకా వెళ్తాను. ఈ లైన్‌లో కరెంటు బండి బ్రిటిష్ వాళ్ల టైమ్‌లోనే ఉందని మా తాతయ్య అంటారు, అప్పట్లో పట్టాలు కూడా చిన్నవట. నిజమేనా? ‌- ఒక పాఠకురాలు, చెన్నై

జవాబు: మీ తాతయ్య చెప్పింది అక్షరాలా నిజం అమ్మా. బీచ్ నుంచి తాంబరం దాకా కరెంటు బండ్లు 1931లోనే మొదలయ్యాయి, పట్టాల మధ్య దూరం సరిగ్గా ఒక మీటరు, అందుకే మీటర్ గేజ్ అన్నారు, ఇప్పుడు మీరు ఎక్కేదేమో బ్రాడ్ గేజ్, 1,676 మిల్లీమీటర్లు. మొదట్లో పైన తీగలో 1,500 వోల్టుల డీసీ కరెంటు (ఒకే దిశలో పారేది) ఉండేది, 1960ల్లో దాన్ని 25,000 వోల్టుల ఏసీకి (దిశ మారుతూ పారే కరెంటుకి) మార్చారు. ఎందుకంటే వోల్టేజి ఎక్కువైతే అదే పవర్‌కి తీగలో పారే కరెంటు తగ్గుతుంది, దారిలో నష్టం తక్కువ, తీగకి కరెంటు అందించే సబ్‌స్టేషన్లు దూరం దూరంగా పెట్టుకోవచ్చు, నాకైతే ఈ మార్పే అన్నిటికన్నా గొప్పగా అనిపిస్తుంది.

మీటర్ గేజ్ లోకల్ బండ్లు 2004 దాకా తిరిగాయి. అంటే డెబ్భై ఏళ్లకు పైగా! మీ తాతయ్య ఆ బండ్లు ఎక్కే ఉంటారు, ఏ స్టేషన్‌లో ఎక్కేవారో, లోపల సీట్లు ఎలా ఉండేవో అడిగి రాసిపెట్టుకోండి, దయచేసి ఆలస్యం చేయకండి.

అన్నట్టు మన సూళ్లూరుపేటకి కూడా చెన్నై నుంచి లోకల్ బండ్లు ఉన్నాయి, గుమ్మిడిపూండి దాటి ఆంధ్రాలోకే వస్తాయి.