పాత రైఫిలు కొనే ముందు జేబు చూసుకోండి

మీ ప్రశ్న చిన్నదే. రిజర్వు పోలీసులో పనిచేసిన తాతగారి దగ్గర చూసిన త్రీనాట్‌త్రీ రైఫిలు మీద చిన్ననాటినుంచీ మోజు ఉందనీ, హెచ్‌1బి వీసా మీద అమెరికా వచ్చి రెండేళ్లయిందనీ, అటువంటిదొకటి కొని వారాంతాల్లో కాల్చుకోవచ్చునా, మొత్తం ఎంతవుతుందనీ రాశారు. కొనవచ్చునా అన్నదానికి జవాబు నాలుగు వాక్యాల్లో ముగుస్తుంది. ఎంతవుతుందన్నదానికే ఇంత పొడుగు ఉత్తరం రాయవలసి వస్తోంది, ఎందుకంటే ఈ సరదాలో రైఫిళ్ల వెల కింద నేను ఖర్చుపెట్టినదాని కంటే తెలియనితనం కింద పోగొట్టుకున్నదే ఎక్కువ.

హెచ్‌1బి, ఎఫ్‌1, విజిటర్ వంటి వలసేతర వీసాల మీద ఉన్నవారు తుపాకీని గానీ తూటాలను గానీ దగ్గర ఉంచుకోవడాన్ని ఫెడరల్ చట్టం నిషేధిస్తోంది. రేంజిలో, అంటే కాల్పుల సాధన స్థలంలో, తుపాకీ అద్దెకు తీసుకుని కాల్చడం కూడా ఆ నిషేధంలోకే వస్తుంది. వేట లైసెన్సు ఉన్నవారికి మినహాయింపు ఉన్న మాట నిజమే, మీ మిత్రులెవరో ఇప్పటికే చెప్పి ఉంటారు. అయితే గ్రీన్‌కార్డు కోసం ఎదురుచూస్తున్నవారు ఇమ్మిగ్రేషన్ న్యాయవాదిని అడగకుండా ఆ మినహాయింపును నమ్ముకోవడం నాకు సమ్మతం కాదు. ఈ విషయంలో ఆయనకిచ్చే ఫీజు ఒక్కటే నేను వృథా ఖర్చు అనను. గ్రీన్‌కార్డు వచ్చాక దారి తెరుచుకుంటుంది. రాష్ట్రాల నిబంధనలు వేరువేరుగా ఉంటాయి, అవి మీరే చూసుకోగలరు. మేము వచ్చిన రోజుల్లో గ్రీన్‌కార్డుకు ఇంత జాప్యం లేదు కాబట్టి చదువుకునే తీరిక లేకుండానే కొనడం మొదలుపెట్టాము. మీ తరానికి ఆ తీరిక కావలసినంత ఉంది, దాన్ని వాడుకోండి.

మీ తాతగారి రైఫిలు ఏదో ముందు తెలుసుకోండి. పోలీసు శాఖల్లో తరతరాలుగా వాడినది బ్రిటిషు సైన్యం 1907లో చేపట్టిన మార్క్ 3 లీ ఎన్‌ఫీల్డ్, లేదా దాని సోదర నమూనాలు. బెంగాల్‌లోని ఇషాపూర్ ఫ్యాక్టరీ వాటిని పెద్ద ఎత్తున తయారుచేసింది. తూటా .303 రకం, త్రీనాట్‌త్రీ అన్న పేరు దాన్నుంచే వచ్చింది. మ్యాగజైనులో, అంటే తూటాల అరలో, పది పడతాయి. 1962 చైనా యుద్ధం తరవాత అదే ఫ్యాక్టరీ అదే రూపాన్ని మరింత గట్టి ఉక్కుతో, 7.62 మిల్లీమీటర్ల తూటాకు సరిపడేలా మార్చి 2ఏ, 2ఏ1 అనే పేర్లతో తయారుచేసింది. దూరంనుంచి చూస్తే రెండూ ఒకటే. దగ్గరకు వెళ్తే 2ఏ1 మ్యాగజైను కొంచెం చదరంగా ఉంటుంది, పన్నెండు తూటాలు పడతాయి. భారత సైన్యం వదిలించుకున్న ఇటువంటి రైఫిళ్లు అమెరికాకు పెద్ద సంఖ్యలో వచ్చాయి కనుక ఇక్కడి గన్ షోలలో, అంటే తుపాకుల సంతల్లో, రెండూ పక్కపక్కనే కనిపిస్తాయి.

నాకు ఈ తేడా తెలియదు. ఎవరో చౌకగా అమ్ముతున్నారని ముందుగానే .303 తూటాలు ఒక పెద్ద పెట్టె కొని పెట్టుకున్నాను. తరవాత ఒక గన్ షోలో ఇండియన్ ఎన్‌ఫీల్డ్ అని చీటీ కట్టిన రైఫిలు కనిపించింది. లోహం మీద అశోక స్తంభం ముద్ర చూడగానే ఊరి మనిషి ఎదురుపడినంత సంబరపడి, అంత సంబరంలోనూ మన అలవాటు మానక గట్టిగా బేరమాడి, కొంత తగ్గించుకుని ఇంటికి తెచ్చాను. అది 2ఏ1. ఆ మరుసటి వారం రేంజిలో .303 తూటా దాని గదిలోకి, అంటే గొట్టం వెనక తూటా కూర్చునే చోటికి, పోనే పోదని పక్క బల్ల దగ్గర నిలబడిన పెద్దమనిషి చెప్పి తెలుసుకోవలసి వచ్చింది. నేను తగ్గించుకున్న బేరం ఆ తూటాల పెట్టెలో పదోవంతుకు కూడా సరిపోలేదు. అప్పుడైనా ఊరుకోలేదు. తూటాలు వృథా కాకూడదన్న లెక్కతో అసలైన త్రీనాట్‌త్రీ వెతికి రెండో రైఫిలు కొన్నాను. ఇంట్లో ఈ లెక్క వివరించడానికి నేను పడిన శ్రమ ఇక్కడ రాయను.

ఆ రెండో రైఫిలు సంగతి ఇంకా బాధాకరం. చెక్క నల్లగా, జిడ్డుగా ఉండేది, ముందుభాగం చుట్టూ తీగ చుట్టి ఉండేది. రైఫిలు మూతికి కప్పు బిగించి గ్రెనేడ్లు విసిరే పనికి కేటాయించిన వాటికి, ఆ తాకిడికి చెక్క చీలిపోకుండా ఇషాపూర్‌లో అలా తీగ చుట్టేవారు. నాకు అది ఎవరో చేసిన మోటు మరమ్మతులా కనిపించింది. తీగ కోసి పారేశాను. గరుకు కాగితంతో చెక్కనంతా తోమి, మెరిసే వార్నిషు రెండు పూతలు వేసి, బంధువులకు ఫోటోలు పంపించాను. అందరూ మెచ్చుకున్నారు. కొంతకాలానికి మా క్లబ్బులో చిరకాలంగా రైఫిళ్లు సేకరిస్తున్న ఒకాయన దాన్ని చేతిలోకి తీసుకుని, అటూ ఇటూ తిప్పి చూసి, నేను ఇచ్చిన వెలలో సగం కూడా ఇప్పుడు రాదని మర్యాదగానే చెప్పాడు. తనిఖీ అధికారులు చెక్క మీద కొట్టిన చిన్న చిన్న ముద్రలు, మరమ్మతు చేసిన కర్మాగారాల గుర్తులు, అన్నీ నా గరుకు కాగితం కింద పోయాయి. సేకరించేవారు డబ్బిచ్చేది ఆ గుర్తులకే. ఇనుము, చెక్క వారికి ఎక్కడైనా దొరుకుతాయి.

కాబట్టి పాతది కొన్నాక దాన్ని బాగుచేయాలనే కోరికను అణచుకోండి. మన ఇళ్లలో పండక్కి ఇత్తడి సామాను చింతపండుతో తోమి తళతళలాడించే అలవాటు ఉంది, ఆ అలవాటు ఇక్కడ పనికిరాదు. చెక్క మరీ ఎండిపోయి ఉంటే పచ్చి అవిసె నూనె రెండు చుక్కలు అరచేతితో రుద్దండి. బ్రిటిషు సైన్యం వాడినది అదే, వెల కూడా స్వల్పం. లోహానికి కొత్త నీలిపూత వేయించవద్దు. కొనేటప్పుడు తూటాను గదిలోకి నెట్టి మూసే బోల్టు పిడి మీద, ఆ బోల్టు కదిలే లోహపు భాగమైన రిసీవరు మీద, మూతి దగ్గరి లోహపు టోపీ మీద, వెనక గురిపట్టీ మీద ఉన్న నంబర్లు ఒకటేనా అని చూడండి. అన్నీ కలిస్తే వెల పెరుగుతుంది. బోల్టు నంబరు కలవకపోతే వెల తగ్గడం ఒక్కటే కాదు, తూటా గదికీ బోల్టుకూ మధ్య ఉండవలసిన కొలత తప్పి ఉండవచ్చు. తుపాకులు మరమ్మతు చేసే గన్‌స్మిత్ చేత గేజీలతో ఆ కొలత చూపించకుండా ఒక్క తూటా కూడా కాల్చవద్దు. ఇంతగా డబ్బు గురించి మాట్లాడే నేను ఆ రుసుము దగ్గర మాత్రం బేరమాడను.

మూడో పాఠం రష్యా మోసిన్ నాగంట్ నేర్పింది. 1891 నాటి ఆ నమూనా ఒకప్పుడు వంద డాలర్లలోపు దొరికేది, 440 తూటాలున్న సీలు వేసిన రేకు డబ్బాలు కూడా అప్పట్లో చౌకే. ఆ కాలపు మిలిటరీ తూటాల ప్రైమర్లలో, అంటే మందుకు నిప్పంటించే అడుగు బిళ్లల్లో, పొటాషియం క్లోరేటు ఉంటుంది. పేలిన తరవాత అది పొటాషియం క్లోరైడుగా, అంటే ఒక రకం ఉప్పుగా, గొట్టం లోపల పేరుకుంటుంది. ఆ ఉప్పు గాలిలోని చెమ్మను లాగుతుంది, బందరులో సముద్రపు గాలికి కిటికీ ఊచలు పొరలు పొరలుగా లేచిపోయినట్టు గొట్టం లోపలంతా తుప్పు పడుతుంది. నేను కాల్చి వచ్చిన రోజు శ్రద్ధగా నూనె పూసి బీరువాలో పెట్టాను. ఉప్పు నూనెలో కరగదు. మళ్లీ తీసి చూసేసరికి గొట్టం లోపల నారింజ రంగు. ఆ తుప్పు వదిలించడానికి రకరకాల ద్రావకాల సీసాలు కొన్నాను, వాటి మొత్తం రైఫిలు వెలను మించింది. అవసరమైనది గరాటా, కెటిల్‌లో కాచిన నీళ్లు, పొడి గుడ్డ, చివర కాస్త నూనె. బ్రిటిషు సిపాయిలు కూడా మరిగే నీళ్లే పోసి కడిగేవారు. ఇప్పటి కొత్త తూటాలతో ఈ బెడద లేదు. చౌకగా దొరికే పాత సైనిక తూటాలతోనే ఉంది, మనం ఎగబడేది కూడా వాటికోసమే.

గ్రీన్‌కార్డు వచ్చాక మీకు పనికివచ్చేది సేకరణకర్తల లైసెన్సు. యాభై ఏళ్లు దాటిన తుపాకుల కోసం ఇచ్చే ఆ లైసెన్సుకు మూడేళ్లకు 30 డాలర్లు. దుకాణదారుకు ప్రతిసారీ బదిలీ రుసుము కట్టకుండా పాత రైఫిలు నేరుగా ఇంటికి తెప్పించుకోవచ్చు, వచ్చినదీ పోయినదీ పుస్తకంలో రాసి ఉంచాలి. ఇది నేను చేసిన తెలివైన పనుల్లో ఒకటి. అయితే ఇంటిదాకా వచ్చే సౌకర్యం ఉన్నప్పుడు మనిషి అవసరం లేనివి కూడా తెప్పించుకుంటాడు, అది మనసులో ఉంచుకోండి.

పౌరసత్వం వచ్చాక సివిలియన్ మార్క్స్‌మన్‌షిప్ ప్రోగ్రాం, అంటే సీఎంపీ, మీకు అందుబాటులోకి వస్తుంది. 1903లో మొదలైన ప్రభుత్వ కార్యక్రమం 1996లో విడి సంస్థగా మారింది. సైన్యం పక్కనపెట్టిన ఎమ్1 గరాండ్ రైఫిళ్లను అనుబంధ క్లబ్బులో సభ్యత్వం ఉన్న అమెరికన్ పౌరులకు అమ్ముతుంది. ఎనిమిది తూటాలను ఒక క్లిప్పులో బిగించి పైనుంచి నొక్కే ఈ రైఫిలును అమెరికా సైన్యం 1936లో చేపట్టింది. దానికి వేట కోసం తయారైన బలమైన కొత్త .30-06 రకం తూటాలు వేయవద్దు, లోపలి ఆపరేటింగ్ రాడ్ వంగుతుంది, ఆ విడిభాగం చవకేమీ కాదు. గన్ షోలో 1903 నమూనా స్ప్రింగ్‌ఫీల్డ్ రైఫిలు అనుమానం కలిగేంత తక్కువ వెలకు కనిపిస్తే నంబరు చూడండి. స్ప్రింగ్‌ఫీల్డ్ ఆర్మరీ అనే ప్రభుత్వ ఆయుధ కర్మాగారంలో తయారైనది 8,00,000 లోపు నంబరుదైనా, రాక్ ఐలండ్‌లో తయారైనది 2,85,507 లోపు నంబరుదైనా, రిసీవరు ఉక్కు కాల్పుల్లో పెళుసుతనం వల్ల పగిలే ప్రమాదం ఉంది. గోడకు పెట్టుకోవడానికే తప్ప కాల్చడానికి కాదు.

కాల్చాలన్న కోరికకు చవకైన మార్గం పోటీలే, వినడానికి వింతగా ఉన్నా. ఒహాయోలో ఈరీ సరస్సు ఒడ్డున ఉన్న క్యాంప్ పెర్రీలో జాతీయ పోటీలు 1907 నుంచి జరుగుతున్నాయి. గరాండ్ పోటీ 200 గజాల దూరంనుంచి జరుగుతుంది, సరిచూసుకోవడానికి అయిదు, లెక్కకు ముప్పై, మొత్తం 35 తూటాలు. ఒక పూటంతా గడుస్తుంది, పక్కనున్నవారు తప్పులు దిద్దుతారు. రేంజిలో ఒంటరిగా నిలబడి శబ్దం కోసం కాల్చే కుర్రాళ్లు అంతకు ఎన్నో రెట్లు గంటలో ఖాళీ చేస్తారు. వీడియో ఆటలు చూసి వచ్చినవారిని నేను ఇట్టే గుర్తుపడతాను, ఖాళీ తూటా గొట్టాలు ఏరుకోకుండా వెళ్లిపోయేది వాళ్లే. వాటిలో మళ్లీ మందు, గుండు నింపుకుని వాడేవారికి ఆ ఇత్తడి డబ్బుతో సమానం.

కొత్తగా చేసిన పాత నమూనాల గురించి మీరు అడగలేదు గానీ చెబుతాను. 1857 తిరుగుబాటు పాఠంలో ఆవు కొవ్వు, పంది కొవ్వు పూశారన్న తూటాల సంగతి చదివారు కదా, ఆ తూటాలు 1853 నమూనా ఎన్‌ఫీల్డువి. ఇటలీలో పెడెర్సోలీ వంటి సంస్థలు దానికి నకళ్లు ఇప్పటికీ చేస్తున్నాయి. మూతినుంచి బ్లాక్ పౌడరు, అంటే పాతకాలపు తుపాకిమందు, దట్టించే ఈ రకం నకళ్లు ఫెడరల్ చట్టం దృష్టిలో తుపాకుల కోవలోకి రావు, కొన్ని రాష్ట్రాలు మాత్రం అలా అనుకోవు. వెల వెయ్యి డాలర్లు దాటుతుంది, తిరిగి అమ్మితే ఎంతో కొంత నష్టమే. కాల్చే ఖర్చు మాత్రం తక్కువ. ఒక పౌను మందులో 7,000 గ్రెయినులుంటాయి, 60 చొప్పున వేస్తే వంద దెబ్బలు దాటుతాయి, సీసం గుండ్లు మీరే పోసుకోవచ్చు. పొగరాని ఆధునిక మందు మాత్రం చిటికెడైనా వేయకూడదు, గొట్టం పగిలిపోతుంది. మన దేశంలో తయారై, నిప్పురవ్వ లోపలికి పోయే రంధ్రం వేయకుండా అలంకారంగా వచ్చే నకలు మస్కెట్లు కూడా ఇక్కడ అమ్ముతారు. సగం వెలకే వస్తున్నాయి కదా, రంధ్రం మనమే వేసుకుందామని ఆలోచించకండి. నేను ఆలోచించాను, క్లబ్బువారు చేతిలో డ్రిల్లు లాక్కున్నంత పని చేశారు.

మరి రెండు మాటలు. రేంజికి తీసుకువెళ్లే సంచీని ఇండియా ప్రయాణానికి ఎన్నడూ వాడవద్దు. అరలో మరిచిపోయిన ఒక్క తూటా మన విమానాశ్రయంలో బయటపడితే 1959 ఆయుధాల చట్టం కింద కేసు అవుతుంది, సెలవులూ టికెట్లూ పోగా వకీలు ఖర్చు మీద పడుతుంది. అలాగే విజిటర్ వీసా మీద అమ్మానాన్నలు వచ్చి ఉన్నప్పుడు తుపాకుల బీరువా తాళం, దాని అంకెలు వారికి ఇవ్వవద్దు. తుపాకుల విషయంలో, పోలిక లేని హెచ్‌1బినీ విజిటర్ వీసానూ చట్టం ఒకే గాటన కడుతుంది.

ఇక ఎంతవుతుందన్న ప్రశ్నకు: రైఫిలు వెల ఒక వంతు అనుకుంటే బీరువా, చెవుల రక్షణ, క్లబ్బు రుసుము, గన్‌స్మిత్ తనిఖీ, మొదటి ఏడాది తూటాలు కలిపి అంతకంటే తక్కువ కావు. ఆ మొత్తం విడిగా చేర్చుకునేవరకు మసాచుసెట్స్‌లోని స్ప్రింగ్‌ఫీల్డ్ ఆర్మరీకి గానీ వయోమింగ్‌లోని కోడీ తుపాకుల మ్యూజియానికి గానీ వెళ్లి చూడండి. గ్రీన్‌కార్డు చేతికొచ్చి ఏదైనా నచ్చినప్పుడు, ముద్రలూ నంబర్లూ కనిపించేలా ఫోటోలు తీసి నాకు పంపండి, అయితే డబ్బు చెల్లించకముందే పంపండి.