రీసెర్చ్ ల్యాబ్‌లో ఆటలూ సరదాలూ మామూలేనా? పని చెడిపోదా?

మీరు అడిగింది ఇదీ: శ్రీకాకుళం దగ్గర ఒక కాలేజీలో కంప్యూటర్ సైన్స్ పీహెచ్‌డీలో కొత్తగా చేరారు. ల్యాబ్‌లో సీనియర్లు మధ్యాహ్నం క్యారమ్స్ ఆడుతున్నారు, సర్వర్లకు వింత పేర్లు పెట్టుకుని నవ్వుకుంటున్నారు, టీకి వెళ్తే గంటదాకా రావడం లేదు. ఫెలోషిప్ డబ్బు తీసుకుంటూ ఇదేం పని అని మీ నాన్నగారు కోప్పడుతున్నారు. వాళ్లతో కలవాలా, దూరంగా ఉండాలా అన్నది మీ సందేహం.

నేను విజయనగరంలో ఇలాంటి ల్యాబ్‌లోనే పీహెచ్‌డీ చేశాను. మాది తెలుగు స్పీచ్ రికగ్నిషన్, అంటే మనిషి మాట విని అక్షరాల్లో రాసిపెట్టే ప్రోగ్రాముల మీద పని. నా అనుభవంలో అది మామూలే, చాలాసార్లు అవసరం కూడా. అయితే అక్కడ దేన్ని చూసి నవ్వుతున్నారో మొదటి వారంలోనే గమనించండి. దాన్నిబట్టి అది మంచి ల్యాబో కాదో తెలిసిపోతుంది.

ముందు మీ నాన్నగారికి చెప్పాల్సిన సంగతి. మన పనిలో ఎదురుచూపు చాలా ఎక్కువ. మోడల్‌ని, అంటే ఉదాహరణలు చూసి నేర్చుకునే ప్రోగ్రాముని, ట్రైనింగ్‌కి పెడితే రాత్రంతా నడుస్తుంది, పెద్దదైతే రోజులు పడుతుంది. ఆ లెక్కలు వేగంగా చేసే జీపీయూ చిప్‌లు మంచివి ఒకటో రెండో ఉంటాయి, వాటికోసం కాచుకున్న మనుషులు చాలామంది. పేపర్ పంపితే రివ్యూలు రావడానికి నెలలు. ఆ సమయంలో చదువుకోవచ్చు, చదువుతాం కూడా. కానీ లాస్ (మోడల్ చేసే తప్పుల కొలత) తగ్గుతోందా లేదా అని ఐదు నిమిషాలకోసారి లాగ్ తెరిచి చూస్తూ కూర్చుంటే టెన్షన్ తప్ప ఒరిగేదేమీ ఉండదు. మా క్యారమ్ బోర్డు సర్వర్లున్న గదిలోనే ఉండేది, ఏసీ ఉన్నది ఆ గదికే కాబట్టి. స్ట్రైకర్ చేతిలో పట్టుకునే "లెర్నింగ్ రేట్ తగ్గించి చూశావా?" అని అడిగేవారు మా సీనియర్ అన్న ఒకాయన (ట్రైనింగ్‌లో మోడల్ ఒక్కో అడుగుకి ఎంత మారాలో చెప్పే అంకె అది). మీటింగ్‌లో గైడ్ ముందు "నాకు ఇది అర్థం కాలేదు" అనడానికి నోరు రాదు. బోర్డు దగ్గర వచ్చేది. ఎవరి పని ఎక్కడ ఆగిపోయిందో మాకందరికీ అక్కడే తెలిసేది.

సర్వర్ల పేర్లంటారా, ఈ రంగంలో అది ఎక్కడైనా ఉన్నదే. ఐపీ అడ్రస్, అంటే నెట్‌వర్క్‌లో మెషీన్‌కుండే నంబరు, గుర్తుండదు, పేరు గుర్తుంటుంది. మావి మూడు మెషీన్లు: నాగావళి, సువర్ణముఖి, వేగావతి. ఆ మూడు నదులూ కలిసేది వంగర మండలంలోని సంగం దగ్గర కాబట్టి మూడింటినీ కలిపి నడిపే క్లస్టర్ పేరు సంగం. డేటా దాచే స్టోరేజ్ మెషీన్ వంశధార. డిస్క్ నిండిపోతే గ్రూపులో "వంశధారకి వరదొచ్చింది, ఎవరి సామాన్లు వాళ్లు సర్దుకోండి" అని మెసేజ్ వచ్చేది. ఫలానావాళ్లు పాత ఫైళ్లు తీయలేదని వేలెత్తి చూపే పని లేకుండానే జాగా ఖాళీ అయ్యేది. కరెంటు పోయి యూపీఎస్ కూడా చేతులెత్తేస్తే "నాగావళి ఎండిపోయింది" అనేవాళ్లం. కొత్తగా చేరినవాళ్లు కూడా వారం తిరక్కుండానే ఇలాగే మాట్లాడేవారు.

యాజమాన్యం తరఫున ఒకాయన వచ్చి బోర్డు చూసి ఇది కాలేజీయా, క్లబ్బా అని అడిగారు. మా గైడ్ మేడమ్ ఆయన్ని కూర్చోబెట్టి యూనిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ (కంప్యూటర్‌ని నడిపే మూల ప్రోగ్రాము) సంగతి చెప్పారు. 1969లో బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్ 'స్పేస్ ట్రావెల్' అని ఒక ఆట రాసుకున్నారు, సూర్యుడి చుట్టూ తిరిగే గ్రహాల మధ్య నౌక నడిపే ఆట. అక్కడి పెద్ద కంప్యూటర్‌లో ఒకసారి ఆడితే సుమారు 75 డాలర్ల ఖర్చు లెక్కకొచ్చేది. అందుకని ఎవరూ పెద్దగా వాడని పీడీపీ-7 అనే చిన్న మెషీన్ వెతుక్కుని, ఆటని దానిమీదికి మార్చారు. ఆ మార్చే పనిలోనే ఆ మెషీన్‌కి ప్రోగ్రాములు ఎలా రాయాలో చేతికి అలవాటైంది. యూనిక్స్ మొదట పుట్టింది ఆ పీడీపీ-7 మీదే. మన ఆండ్రాయిడ్ ఫోన్లలో ఉన్న లినక్స్ ఆ యూనిక్స్ దారిలో రాసిందే. ఇంకొకటి కేంబ్రిడ్జ్‌ది. అక్కడి కంప్యూటర్ ల్యాబ్‌లో కాఫీ కోసం వేరే అంతస్తుల నుంచి నడిచి వస్తే కెటిల్ ఖాళీగా ఉండేదని, 1991లో దానికెదురుగా ఒక కెమెరా బిగించి ఎవరి స్క్రీన్ మీద వాళ్లు చూసుకునేలా చేశారు. 1993లో ఆ బొమ్మ వెబ్‌లోకి వచ్చింది. మొదటి వెబ్‌క్యామ్‌గా లోకమంతా చెప్పుకునేది దాన్నే. 2001 దాకా నడిచింది.

ఇవన్నీ చెప్పాక మేడమ్ మా సోమవారం మీటింగ్ పుస్తకం తీసి ఆయన ముందు పెట్టారు. పోయిన వారం ఎవరు ఏ ప్రయోగం చేశారు, ఏది కుదరలేదు, ఈ వారం ఏం చేస్తారు, అన్నీ అందులో ఉన్నాయి. ఆయన బోర్డు తీసెయ్యమనలేదు. కథలకన్నా ఆ పుస్తకమే ఎక్కువ పనిచేసిందని నేను నమ్ముతున్నాను. మీ ల్యాబ్‌లో అలాంటి పుస్తకం ఉందో లేదో చూడండి.

ఇప్పుడు నాకు అన్నిటికన్నా ముఖ్యమైన విషయం. మేము ఆడే ఆటల్లో ఒకదాని పేరు 'ఏటన్నాది'. ఓపెన్‌ఏఐ కంపెనీ 2022లో విడుదల చేసిన, మాట విని రాసే విస్పర్ లాంటి మోడల్‌కి మన ఊళ్లలో రికార్డు చేసుకొచ్చిన ఒక మాట వినిపిస్తాం. అది ఏమని రాస్తుందో ముందే ఊహించి తలా ఒక చీటీ మీద రాయాలి. దగ్గరగా రాసినవాళ్లకి ఆ రోజు టీ ఖర్చు ఉండదు. "ఆడు ఎల్పోనాడు" (వాడు వెళ్లిపోయాడు) అని ఒక తాతగారు నిండు గొంతుతో చెబితే మెషీన్ "ఎల్లప్పుడూ" అని రాసింది. గది మొత్తం నవ్వింది. ఆ నవ్వు మెషీన్ మీద.

కొన్నాళ్లకి ఆ చీటీలు సరిగ్గా రాసేవాళ్లు ఎక్కువయ్యారు. మెషీన్ ఎక్కడ తప్పుతుందో మాకు ముందే తెలిసిపోతోందన్నమాట. ఎలా తెలుస్తోందని కూర్చుని చూస్తే, తప్పులు ఎక్కడపడితే అక్కడ లేవు. "తినీసినాడు", "ఒచ్చీసినాడు" లాంటి క్రియల దగ్గర పడుతున్నాయి. మాట మొదట్లో వకారం పోయినచోట, చకారం సకారమైనచోట పడుతున్నాయి. మొత్తం మీద ఎన్ని పదాలు తప్పిందన్న ఒక్క అంకె చూస్తే ఈ సంగతి కనిపించదు. చీటీలన్నీ వరసగా పెట్టి, తప్పుల్ని రకాలుగా విడదీసి, ఒక్కో రకానికి విడిగా పరీక్ష వాక్యాలు తయారుచేసుకున్నాం. నా థీసిస్‌లో ఒక అధ్యాయం దానిమీదే. ప్రయోగాల పట్టికలు చూసుకుంటూ కూర్చుని ఉంటే అది నాకు దొరికేది కాదు.

ఈ ఆటకి మేడమ్ పెట్టిన షరతు ఒక్కటే: మాట్లాడినవాళ్లని ఎవరూ అనుకరించకూడదు. రికార్డు వినిపించాలంటే వాళ్ల అనుమతి ఉండాలి. వినిపించాక ఆ యాసలో మాట్లాడి నవ్వించే ప్రయత్నం చేస్తే ఆట అక్కడితో ఆగిపోయేది. ఈ షరతు విలువ నాకు తెలుసు. అంతకుముందు నేను వేరే ఊళ్లో, పేరు చెప్పను, ఇంకో ల్యాబ్‌లో ప్రాజెక్టు చేశాను. అక్కడా సరదాలుండేవి. నేను నోరు తెరిస్తే చాలు "ఏటి, ఏటంతన్నావు?" అని పక్క కుర్చీలోంచి వినిపించేది. అందరూ నవ్వేవారు, తమాషాకేనని చెప్పేవారు. కొన్నాళ్లకి నేను మీటింగుల్లో సందేహాలు అడగడం మానేశాను. ఆ ల్యాబ్‌లో టేబుల్ టెన్నిస్ బల్ల ఉండేది, పుట్టినరోజులకి కేకులు కోసేవారు. వాటివల్ల నా పని ఒక్క అడుగు ముందుకు పడలేదు. మన సిక్కోలు మాట, విజీనారం మాట ఎవరికీ నవ్వులాట కాకూడదని నేను గట్టిగా అనుకుంటాను. మీ ల్యాబ్‌లో ఎవరినైనా ఊరు, యాస, కులం, ఇంగ్లీషు, ఒంటి తీరు చూపించి నవ్వుతుంటే అది ఎంత తియ్యగా చేసినా గైడ్‌కి చెప్పండి. ఒకరే చెప్పడం కష్టమనిపిస్తే ఇద్దరు కలిసి వెళ్లండి.

గ్రూపుల్లో వేసే జోకులు ఇంకా జాగ్రత్తగా ఉండాలి, గొంతు వినపడదు కాబట్టి. 1982లో కార్నెగీ మెలన్‌లో స్కాట్ ఫాల్మన్ జోకులకి పక్కన నవ్వుమొహం గుర్తు పెట్టమని సూచించింది ఇందుకే. స్క్రీన్ మీద రాసిన తమాషాని అక్కడివాళ్లు నిజమనుకుని గొడవపడేవారు.

వేళ విషయం కూడా చూడండి. మా ఆట మొదట్లో సాయంత్రం ఆరు దాటాక జరిగేది. పలాస వైపు ప్యాసింజర్ పట్టుకోవాల్సినవాళ్లు, చీపురుపల్లి బస్సు ఎక్కాల్సినవాళ్లు, ఇంట్లో పిల్లలున్న అక్కలు అప్పటికే వెళ్లిపోయేవారు. ఆటలో దొరికిన సంగతులు మర్నాడు వాళ్లకి చెప్పేవాళ్లే ఉండరు. మాతోపాటు చదువుతున్న ఒక అక్క ఇది అన్యాయమని మొహం మీదే చెప్పింది. ఆ వారం నుంచే భోజనాలయ్యాక మార్చాం. రాత్రి తొమ్మిదింటికి మొదలయ్యే సరదాలున్న ల్యాబ్‌లో ఎవరు మిగులుతారో, ఎవరు బయటపడిపోతారో ఒకసారి లెక్క చూడండి.

ఇక మీరు ఏం చెయ్యాలంటే: కలవండి. క్యారమ్స్ రాకపోయినా పక్కన నిలబడి వినండి, అక్కడ నడిచే మాటల్లో మీ సబ్జెక్టు బోలెడంత ఉంటుంది. ఆడాలని లేని రోజు మీ సీట్లో మీరుండండి, దానికి ఎవరైనా మొహం ముడుచుకుంటే ఆ సీనియర్‌తో నెమ్మదిగా మాట్లాడండి. ప్రతి శుక్రవారం ఆ వారం చేసిన పని ఒక పేజీ రాసి గైడ్‌కి పంపండి, అడగకపోయినా సరే. ఆ పేజీలనే మీ నాన్నగారికి కూడా చూపించండి. వీలైతే ఒక మధ్యాహ్నం ఆయన్ని ల్యాబ్‌కి తీసుకెళ్లండి, బోర్డు చుట్టూ అందరూ ఉన్న వేళకి.