రోజూ వీడియో కాల్ చేస్తున్నా అమ్మకు ఒంటరితనం ఎందుకు తగ్గడం లేదు?

నాన్నగారు పోయి ఎనిమిది నెలలైంది, అమ్మ తెనాలిలో ఒక్కతే ఉంటోంది, డాలస్ నుంచి రోజూ మాట్లాడుతున్నా నిద్రా తిండీ సరిగా లేక చిక్కిపోతోంది, ఏం చేయాలి అని అడిగారు.

కాల్స్ మానకండి. కానీ ఆ లోటు కాల్స్‌తో పూడేది కాదు. ఆవిడకు దూరమైంది మాట్లాడే మనిషి ఒక్కరే కాదు. ఇంకొకరి కోసం పొయ్యి వెలిగించే పని పోయింది, ఇద్దరికీ కలిపి వచ్చే పిలుపులు పోయాయి. భర్త పోయినావిడను పేరంటాలకు పిలవడం మన దగ్గర చాలా ఇళ్లలో ఇప్పటికీ మానేస్తారు. ఏటా వరలక్ష్మీ వ్రతానికి వెళ్లి తాంబూలం తెచ్చుకున్న వీధిలోనే ఆ రోజు తలుపేసుకుని కూర్చోవాలి. ఇది చాలా అన్యాయం. ఆ ఇళ్లలో మీకు చనువున్న వాళ్లకు ఫోన్ చేసి, "అమ్మను కూడా పిలవండి" అని నోరు తెరిచి అడగండి.

ఒంటరితనం ఎంత ఉందో తెలుసుకోవడానికి మూడు ప్రశ్నల పద్ధతి ఒకటుంది. తోడు లేదనిపిస్తోందా, అందరూ పక్కన పెట్టేశారనిపిస్తోందా, అందరికీ దూరమైపోయాననిపిస్తోందా? దాదాపు లేదంటే 1, అప్పుడప్పుడంటే 2, తరచూ అంటే 3. మొత్తం 6 దాటినా, 6 వచ్చినా తేలిగ్గా తీసుకోకండి. పరీక్షలా కాకుండా మాటల్లో అడగండి. 2015లో జూలియన్ హోల్ట్-లున్‌స్టాడ్ అనే అమెరికా పరిశోధకురాలి బృందం ఎన్నో అధ్యయనాలను కలిపి చూస్తే, ఒంటరితనం ఉన్నవాళ్లలో మరణం ముప్పు 26 శాతం ఎక్కువగా కనిపించింది.

అంతా మనసుదే అనుకోవద్దు. థైరాయిడ్, బి12, హిమోగ్లోబిన్, షుగర్ చూపించండి. వీటిలో తేడా ఉన్నా నీరసం, దిగులు ఇలాగే ఉంటాయి. టీవీ సౌండ్ బాగా పెంచుతున్నారంటే చెవులు కూడా చూపించండి. నలుగురిలో మాట వినపడనివాళ్లు మెల్లగా నలుగురిలోకి వెళ్లడమే మానేస్తారు.

వీడియోలో వంటిల్లు గమనించండి. నిన్నటి చారు, పెరుగు, ఆవకాయ జాడీ తప్ప ఇంకేమీ కనిపించకపోతే "ఒక్కదానికి ఏం వండుకుంటాను" అనే స్థితిలో ఉన్నారన్నమాట. బీపీ ఉంటే ఆ ఉప్పుతో ఇంకో చిక్కు. పక్కింటివాళ్లతో వారానికి రెండుసార్లు కూర ఇచ్చిపుచ్చుకునేలా మాట్లాడండి. గిన్నె ఖాళీగా తిరిగివ్వకూడదన్న అలవాటు మన ఆడవాళ్లలో బలంగా ఉంది, కాబట్టి వంట దానంతటదే మొదలవుతుంది.

"బయటికెళ్లి నలుగురితో కలువమ్మా" అంటే మాత్రం పని జరగదు. ఒంటరితనం ముదిరిన మనసు ఎదుటివాళ్ల మాటలో తప్పు వెతుకుతుంది. పక్కింటావిడ తొందరలో పలకరించకపోయినా "నేనంటే లోకువ" అనిపిస్తుంది. అందుకే నడిచి వెళ్లగలిగేంత దగ్గరలో, వారంలో మూడు రోజులు, ఒకే వేళకు, అవే ముఖాలు కనిపించే చోటు చూడండి: గుడిలో సహస్రనామ పారాయణ, పార్కులో సాయంత్రం నడక, వీధి పిల్లలకు ఎక్కాలు చెప్పడం. మొదటి మూడు నాలుగుసార్లు ఎవరైనా వెంట వెళ్లాలి. పరిచయం మామూలు స్నేహంగా మారడానికి కలిసి గడిపే సమయం సుమారు 50 గంటలు పడుతుందని జెఫ్రీ హాల్ అనే అమెరికా పరిశోధకుడి అంచనా. వారానికి మూడు గంటల చొప్పున నాలుగు నెలలు. రెండు వారాలకే "లాభం లేదు" అనుకోకండి.

మీ కాల్ సంగతి. "తిన్నావా, మందు వేసుకున్నావా" అంటే "ఆఁ" అని ముగుస్తుంది. గోంగూర పచ్చడికి ఎన్ని ఎండుమిర్చి వేయాలో అడిగి, ఆవిడ చూస్తుండగా చేయండి. చాలామందికి దీపాలు పెట్టే వేళే బరువు. అక్కడ రాత్రి ఏడంటే వేసవిలో మీకు ఉదయం ఎనిమిదిన్నర, ఆఫీసుకు ముందే మాట్లాడొచ్చు.

ఆరు నెలలు అమెరికా తీసుకొస్తే సరిపోతుందనుకోవద్దు. కారు లేనిదే గడప దాటలేని చోట పగలంతా ఒక్కరే ఉంటారు, ఈలోపు ఊళ్లో అల్లుకున్నది కూడా తెగిపోతుంది. తేవాలంటే ముందు ఊళ్లో ఈ అలవాటు నిలబడనివ్వండి.

రెండు వారాలకు మించి దేనిమీదా ఆసక్తి లేకపోయినా, "నేనూ ఆయన దగ్గరికే పోతా" అంటూ నగలూ చీరలూ పంచడం మొదలుపెట్టినా ఆగకండి. ఆ రోజే దగ్గరివాళ్లను ఇంటికి పంపి, సైకియాట్రిస్టుకు చూపించండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కు ఊళ్లోనుంచి ఎవరు చేసినా ఉచితం.