పంచాయతీ లెక్కలు అసెంబ్లీ దాకా వెళ్తాయా?

ప్రశ్న: మా వీధిలో సీసీ రోడ్డు వేసి బిల్లు ఎత్తేశారు. కాగితం మీద 200 మీటర్లు, టేపు పెట్టి చూస్తే 160 దాటలేదు. అసెంబ్లీ ప్రజా పద్దుల కమిటీకి ఉత్తరం రాస్తే విచారిస్తారా అండీ?
– ఒక వార్డు సభ్యురాలు, ఏలూరు జిల్లా

జవాబు: రాయొచ్చమ్మా, కానీ ఆ కమిటీ వచ్చి మీ రోడ్డు కొలవదు. దాని పని కాగ్ (ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే రాజ్యాంగ సంస్థ) నివేదికతో మొదలవుతుంది. రాజ్యాంగం 151వ అధికరణం కింద ఆ నివేదిక గవర్నరుకు చేరి, అక్కణ్నుంచి సభ ముందుకు వస్తుంది. అందులోని పేరాలు (ఒక్కో అభ్యంతరం ఒక్కో పేరా) పట్టుకుని కమిటీ ఆ శాఖ కార్యదర్శిని పిలిచి అడుగుతుంది. నివేదిక సభలో పెట్టిన మూడు నెలల్లోగా శాఖ వివరణ నోట్లు పంపాలి. గడువు దాటిపోవడం మామూలే. కాస్త గట్టిగా అడుగుతాడని ప్రతిపక్ష సభ్యుణ్ని అధ్యక్షుడిగా పెట్టడం పాత ఆనవాయితీ. 2024లో ఆ పదవి మీద రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ రగడ జరిగింది. పైగా కాగ్ వాళ్లు అన్ని పంచాయతీలనూ చూడరు, కొన్నిటిని నమూనాగా తీసుకుంటారు.

మీ పంచాయతీ లెక్క చూడాల్సింది స్టేట్ ఆడిట్ శాఖ. పాతవాళ్లు ఇప్పటికీ ‘లోకల్ ఫండ్ ఆడిట్’ అనే అంటారు. 1989 నాటి స్టేట్ ఆడిట్ చట్టం ప్రకారం ఆ శాఖ డైరెక్టరు స్థానిక సంస్థలన్నిటి మీదా ఒక ఏకీకృత నివేదిక తయారుచేసి శాసనసభకు చేర్చాలి. అక్కడికి చేరేసరికి మీ రోడ్డు మొత్తంలో కలిసిపోయిన ఒక అంకె.

అసలు చిక్కు ఇంకొకటుంది. ఆడిటరు చూసేది కాగితాలు. తీర్మానం, అంచనా, ఎం-బుక్ (పని కొలతలు రాసే పుస్తకం), బిల్లు ఒకదానితో ఒకటి సరిపోతే అభ్యంతరం రాదు. 200 మీటర్లని ఎం-బుక్‌లో రాసి ఉంటే ఆయన దృష్టిలో అది 200 మీటర్లే. కాబట్టి మీ టేపు కొలతను ఫైల్లోకి ఎక్కించడమే మీరు చేయగల పని.

ముందు సమాచార హక్కు కింద ఇవి అడగండి: పని మంజూరు చేసిన తీర్మానం, సాంకేతిక మంజూరుతో కూడిన అంచనా, ఎం-బుక్‌లో ఆ పని పేజీలు, చెక్ మెజర్‌మెంట్ (రాసిన కొలతను పై అధికారి సరిచూడటం) చేసిన తేదీ, చేసిన అధికారి హోదా, చెల్లింపు వోచరు, ఆ రోజు క్యాష్‌బుక్ పేజీ. పంచాయతీ స్థాయిలో దరఖాస్తు రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు. నకళ్లకు మామూలు సైజు పేజీకి 2 రూపాయలు. ‘ఎం-బుక్ ఏఈ (అసిస్టెంట్ ఇంజినీరు) గారి దగ్గరుంది’ అని కార్యదర్శి మిమ్మల్ని తిప్పి పంపడానికి లేదు. 6(3) సెక్షన్ ప్రకారం 5 రోజుల్లో దరఖాస్తును ఆయనే అక్కడికి బదిలీ చేయాలి. జవాబు గడువు 30 రోజులు.

ఎం-బుక్ చేతికొచ్చాక పొడవు ఒక్కటే చూడకండి. వెడల్పు, మందం కూడా చూడాలి. మందంలో రెండు సెంటీమీటర్లు తగ్గినా కంట్రాక్టరుకు మిగిలేది తక్కువేం కాదు, కంటికి మాత్రం ఆనదు. ఏ ఇంటి దగ్గర మొదలై ఏ స్తంభం దగ్గర ముగిసిందో రాసి, ఆ వివరాలతో జిల్లా పంచాయతీ అధికారికీ, పంచాయతీరాజ్ ఈఈ (ఎగ్జిక్యూటివ్ ఇంజినీరు)కీ ఫిర్యాదు ఇచ్చి తిరిగి కొలవమనండి. నకలు ఒకటి జిల్లా ఆడిట్ అధికారికి, ఆ ఏడాది లెక్కల ఆడిట్ మొదలవకముందే అందాలి. ఆడిట్ ముగిశాక ఇస్తే ఫైలు మళ్లీ తెరిపించడం కష్టం.

ప్రశ్న: మా పంచాయతీ మీద ఆడిట్‌లో 14 పేరాలు వచ్చాయి. సర్పంచ్ గారు ‘అవి అన్ని ఊళ్లలోనూ ఉండేవే’ అంటున్నారు. నిజమేనా?
– ఒక పాఠకుడు, నల్లగొండ జిల్లా

జవాబు: సగం నిజం. రిజిస్టరు నమూనా ప్రకారం లేదు, ఫలానా పేజీలో సంతకం లేదు అనే పేరాలు నిజంగానే అన్నిచోట్లా ఉంటాయి. వాటిని పక్కన పెట్టి నాలుగు రకాలు ఏరండి: వోచర్లు చూపనివి, సర్దుబాటు కాని అడ్వాన్సులు, క్యాష్‌బుక్ నిల్వకూ బ్యాంకు లేదా ట్రెజరీ నిల్వకూ తేడా ఉన్నవి, బిల్లులో కోసి జమ చేయనివి.

చివరిది జనం పట్టించుకోరు. 4 లక్షల పని బిల్లులో కార్మిక సెస్ 1 శాతం అంటే 4,000 రూపాయలు కోయాలి. కంట్రాక్టరు వ్యక్తి అయితే ఆదాయపు పన్ను మరో 1 శాతం. పని విలువ రెండున్నర లక్షలు దాటింది కనుక జీఎస్టీ టీడీఎస్ 2 శాతం. ఇవి కోసి ఖాతాలోనే ఉంచేస్తే పంచాయతీ దగ్గర డబ్బు ఉన్నట్టే కనిపిస్తుంది. తర్వాత వడ్డీతో కట్టాల్సి వస్తుంది.

వోచర్లు లేని పేరాలు ఏళ్ల తరబడి తేలకపోవడానికి ముఖ్య కారణం కార్యదర్శి బదిలీలు. అప్పగింతల జాబితాలో ‘ఫైళ్లు – ఒక కట్ట’ అని రాసేస్తారు. ఏ కట్టలో ఏముందో ఆ తర్వాత దేవుడికే ఎరుక. పోయిన సొమ్ముకు బాధ్యులెవరో తేలితే సంజాయిషీ అడిగి, సర్‌చార్జీ కింద వాళ్ల నుంచే రాబట్టే అధికారం చట్టంలో ఉంది. గ్రామసభలో అడగాల్సింది ‘ఎన్ని పేరాలు’ అని కాదు. ‘ఏ పేరాకు ఏ తేదీన జవాబు పంపారు, ఎంత సొమ్ము అభ్యంతరంలో ఉంది’ అని అడిగి, జవాబును మినిట్స్‌లో రాయించండి. తెలంగాణ 2018 చట్టంలో రెండు నెలలకోసారి గ్రామసభ జరగాలని ఉంది కాబట్టి, ఈసారి దాటవేసినా వచ్చేసారి అదే మినిట్స్ చూపించొచ్చు.

ప్రశ్న: 2022–23లో ఆర్థిక సంఘం నిధుల్లోంచి పారిశుద్ధ్య కార్మికుల జీతాలు ఇచ్చారని విన్నాం. ఇవ్వొచ్చా?

జవాబు: 2021–26 కాలానికి 15వ ఆర్థిక సంఘం పంచాయతీలకిచ్చిన నిధుల్లో 60 శాతానికి ముందే పని నిర్ణయమై ఉంది. అందులో సగం తాగునీరు, వాననీటి సంరక్షణకు, సగం పారిశుద్ధ్యానికి. మిగతా 40 శాతం ఊరి అవసరాన్ని బట్టి వాడుకోవచ్చు, కానీ జీతాలకూ ఆఫీసు నిర్వహణ ఖర్చులకూ కాదు. కాబట్టి ఆ జీతాలు ఏ పద్దు కింద రాశారో చూడందే తేల్చలేం. ఈ-గ్రామ స్వరాజ్ వెబ్‌సైట్‌లో సంవత్సరం, జిల్లా, మండలం, పంచాయతీ ఎంచుకుని ఖర్చు వివరాలు చూడండి. ఒకే పేరున్న ఊళ్లు చాలా ఉంటాయి, మీ పంచాయతీ ఎల్‌జీడీ కోడ్ (ప్రతి పంచాయతీకీ ప్రభుత్వం ఇచ్చే ప్రత్యేక సంఖ్య) సరిచూసుకున్నాకే చదవండి.

ప్రశ్న: మరి శాసనసభతో మాకు పనే లేదా?

జవాబు: ఉంది, కానీ మీ ఎమ్మెల్యే ద్వారా. ‘జిల్లాలో ఎన్ని పంచాయతీల ఆడిట్ పెండింగులో ఉంది, సర్‌చార్జీ ఉత్తర్వులు ఎన్ని, వసూలైంది ఎంత’ అని ఆయన సభలో ప్రశ్న వేస్తే శాఖ లిఖితంగా అంకెలివ్వాలి. మహారాష్ట్ర, కర్ణాటక శాసనసభల్లో పంచాయతీరాజ్ సంస్థల కోసం, కేరళలో లోకల్ ఫండ్ లెక్కల కోసం విడిగా కమిటీలున్నాయి. మనదగ్గరా అలాంటిది గట్టిగా పనిచేయాలని మా అభిప్రాయం. ఈలోగా ప్రశ్న పాఠం మీరే రాసి, సమావేశాలకు నెల ముందే ఆయన చేతికివ్వండి. సభలో ప్రశ్నకు ముందస్తు నోటీసు కావాలి, సమావేశాలు మొదలయ్యాక పరుగెత్తితే అందదు.