అమెరికా లా స్కూళ్ల ప్రవేశ పరీక్ష ఎల్‌శాట్‌లో 154 వచ్చింది, ప్రాక్టీసులో 160 వచ్చేది. మూడు స్కూళ్లకు అప్లై చేద్దామనుకుంటున్నాను, మళ్లీ రాసే ఓపిక ఉంది. క్యాన్సిల్ చేసుకునే గడువు ఇంకా మూడు రోజులుంది. స్కోరు ఉంచుకోనా, క్యాన్సిల్ చెయ్యనా?

ఉంచుకోండి. గడువు ఇంకా మూడు రోజులుందన్నారు, మళ్లీ రాసే ఓపిక ఉందన్నారు. అలాంటప్పుడు క్యాన్సిల్ చేసి మీరు సంపాదించేది ఏమీ లేదు.

నాదీ ఇంచుమించు ఇదే పరిస్థితి. డాలస్‌లో డిగ్రీ చివరి ఏడాదిలో రాశాను. ప్రాక్టీసులో 160కి అటూఇటూ వచ్చేది, అసలు పరీక్షలో 155. స్కోర్ ప్రివ్యూ కొన్నాను కాబట్టి, చూశాక తేల్చుకోవడానికి మీలాగే ఆరు రోజులు. ఆ ఆరు రోజులూ ఇంట్లో ఎంసెట్ లెక్కే. ర్యాంకు పోతే ఏడాది పోయినట్టే కదా మనవాళ్లకి. "అది ఎవరికీ కనపడకుండా తీసెయ్యి నాన్నా" అని అమ్మ ఫోన్ చేసినప్పుడల్లా అనేది.

కానీ పూర్తిగా కనపడకుండా పోదు. అంకె ఒక్కటే దాగుతుంది. ఫలానా తేదీన పరీక్ష రాసి క్యాన్సిల్ చేసుకున్నారన్న సంగతి స్కూళ్లకు వెళ్లే రిపోర్టులో ఉంటుంది. అవకాశాల్లోంచీ ఒకటి తగ్గుతుంది: జీవితం మొత్తంలో ఏడుసార్లే రాయనిస్తారు, క్యాన్సిల్ చేసినదీ అందులోకే వస్తుంది. పైగా ఒకసారి తీసేస్తే ఆ స్కోరు తిరిగి రాదు. రెండోసారి పరీక్ష రోజున జ్వరమొస్తే అప్లై చేయడానికి చేతిలో ఏముంటుంది?

ఇక స్కూళ్ల సంగతి. అమెరికన్ బార్ అసోసియేషన్ నిబంధన ప్రకారం స్కూళ్లు ఏటా 509 రిపోర్టు బయటపెట్టాలి. అందులో చేరినవాళ్ల ఎల్‌శాట్ మీడియన్, అంటే సరిగ్గా మధ్యలో ఉన్న స్కోరు, ఉంటుంది. ఒక విద్యార్థి ఎన్నిసార్లు రాసినా అత్యధిక స్కోరే ఆ లెక్కలోకి వెళ్తుంది. అడ్మిషన్ వాళ్లు అన్ని స్కోర్లూ చూస్తారు, నిజమే. అయినా తర్వాత మీరు 161 తెస్తే, వాళ్ల మీడియన్‌కు పనికొచ్చేది ఆ 161. అసలు 154 అన్నా కచ్చితంగా 154 అని కాదు. మూడు పాయింట్లు అటూఇటూ ఉండొచ్చని స్కోరు రిపోర్టే ఒక బ్యాండ్ ఇస్తుంది. ప్రాక్టీసు కంటే ఆరు తగ్గడం బాధగానే ఉంటుంది, కానీ పరీక్ష హాలు టెన్షన్‌లో చాలామందికి జరిగేదే.

క్యాన్సిల్ చెయ్యమని నేను చెప్పే సందర్భం ఒక్కటే: ప్రాక్టీసులో 170 వచ్చేవాళ్లు ఒంట్లో బాగోక ఒక సెక్షన్ సగం వదిలేసి 150ల్లో పడితే, వాళ్లు అప్లై చేసేవన్నీ మీడియన్ 170 దాటిన స్కూళ్లే అయితే.

ఉంచుకోవడం వేరు, మళ్లీ రాయడం వేరు. ఈ రెంటినీ కలిపేసుకోవడం వల్లే మీకు నిద్ర పట్టడం లేదనిపిస్తోంది. ఉంచుకునేందుకు మీరు చెయ్యాల్సిన పనేమీ లేదు, గడువు దాటితే స్కోరు దానంతటదే ఫైల్లోకి వెళ్తుంది. ఆ మూడు రోజులూ లాజికల్ రీజనింగ్ మీద పెట్టండి. 2024 ఆగస్టులో లాజిక్ గేమ్స్ అనే పజిల్స్ సెక్షన్ తీసేశాక, స్కోరు లెక్కించే మూడు సెక్షన్లలో రెండు లాజికల్ రీజనింగ్‌వే. నేనూ పట్టుగా చదివింది దాన్నే. తప్పు పోయిన ప్రతి ప్రశ్నకీ, నేను పెట్టిన జవాబు ఎందుకు కాదో ఒక వాక్యంలో రాసుకునేదాన్ని. తర్వాత 162 వచ్చింది. 155 పక్కనే ఉంది, ఇంటర్వ్యూలో ఎవరూ దాని గురించి అడగలేదు.

మీరు చెప్పిన మూడు స్కూళ్ల 509 రిపోర్టులు తెరిచి, మీడియన్‌తో పాటు స్కాలర్‌షిప్‌ల పేజీ కూడా చూడండి. నాకు 162 వల్ల సీటు కంటే ఎక్కువగా కలిసొచ్చింది ఫీజులోనే.