అమెరికాలో నేపాలీలు, ఘానా వాళ్ళు: ఎవరి పరిస్థితి మెరుగు?

నేపాల్ నుంచి, ఘానా నుంచి అమెరికా వచ్చినవాళ్ళు ఇద్దరూ బీద దేశాల వలసదారులే కదా, ఇద్దరిలో ఎవరు బాగా నిలదొక్కుకున్నారు, ఎందుకు అని అడిగారు. దేశమంతటి గురించి కాకపోయినా న్యూయార్క్ గురించి చెప్పగలను. చాలా ఏళ్ళుగా ఇక్కడ పన్ను రిటర్నులు తయారుచేసే పనిలో ఉన్నాను. మొదట బ్రాంక్స్‌లో ఒక చిన్న ఆఫీసులో చేశాను. అక్కడికి వచ్చేవాళ్ళలో ఘానా వాళ్ళు ఎక్కువ. తరువాత క్వీన్స్‌లోని జాక్సన్ హైట్స్‌కు మారాను. ఇక్కడ నేపాలీలు ఎక్కువ. ఒక కుటుంబం ఏడాది సంపాదన, అద్దె, పిల్లలు, అప్పులు అన్నీ నా బల్ల మీదికి వస్తాయి కనుక పైకి కనబడని సంగతులు కొన్ని తెలుస్తాయి.

ముందే నా అభిప్రాయం చెబుతాను. నేను చూసినంతలో ఘానా కుటుంబాలే కొంత కుదురుగా ఉన్నాయి. నేపాలీలు తక్కువ కష్టపడతారని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. ఘానా వాళ్ళు ముందు వచ్చారు, ఇంగ్లీషుతో వచ్చారు, పైకి ఎక్కడానికి మెట్లున్న వృత్తిలో చేరారు. నేపాలీల్లో ఎక్కువమందికి ఈ మూడూ దొరకలేదు.

2000 జనగణనలో అమెరికాలో నేపాలీలు పదివేల లోపే. 2010కి దాదాపు 60 వేలు, 2019కి సుమారు 2 లక్షలు అయ్యారు. ఘానాలో పుట్టినవాళ్ళు 2000లోనే 65 వేల పైచిలుకు ఉన్నారు. అంటే నేపాలీలు కొత్తగా వచ్చి గది వెతుక్కుంటున్న రోజుల్లో ఘానా వాళ్ళకు అప్పటికే ఇక్కడ చర్చిలు, దుకాణాలు, ఫలానా ఆసుపత్రిలో ఉద్యోగం ఖాళీ ఉందని చెప్పే పెద్దలు ఉన్నారు. వాళ్ళు అంత ముందుగా కదలడం వెనక పెద్ద కష్టమే ఉంది. 1970ల చివర నుంచి ఘానా ఆర్థిక వ్యవస్థ కుప్పకూలింది. పనికోసం నైజీరియా వెళ్ళిన లక్షలాది మందిని 1983 జనవరిలో ఆ దేశం వెళ్ళగొట్టింది. అదే ఏడాది ఘానాలో కరవు, కార్చిచ్చులు. ఉపాధ్యాయులు, నర్సులు, గుమాస్తాలు దేశం విడిచారు. చదువుకున్న తరగతి ముందు కదలడం వల్ల వాళ్ళ తరువాత వచ్చినవాళ్ళకు దారి కొంత సులువైంది.

నేపాల్ కథ వేరు. 1996 నుంచి 2006 దాకా మావోయిస్టు యుద్ధం, ఆ తరువాత ఊళ్ళో పని లేకపోవడం. గల్ఫ్‌కు, మలేషియాకు, మన దేశానికి వెళ్ళేవాళ్ళతో పోలిస్తే అమెరికా చేరేవాళ్ళు కొద్దిమందే. హైదరాబాద్ అపార్ట్‌మెంట్లలో కాపలా కాసే నేపాలీని చూసిన కళ్ళతో ఇక్కడి నేపాలీని అంచనా కట్టకండి. నా దగ్గరికి వచ్చే నేపాలీల్లో కాఠ్మాండూలో బ్యాంకు ఉద్యోగం చేసినవాళ్ళు, బడిపంతుళ్ళు కూడా ఉన్నారు. ఇక్కడ వాళ్ళకు దొరికిన పని వేరు, అంతే.

2025 చివర్లో ఆపేదాకా ఈ రెండు దేశాల వాళ్ళకూ ఉన్నది, మన తెలుగువాళ్ళకు లేనిది ఒకటుంది: గ్రీన్ కార్డు లాటరీ. డైవర్సిటీ వీసా అంటారు. ఇంటర్ చదువు గానీ రెండేళ్ళ నైపుణ్య పని అనుభవం గానీ ఉంటే చాలు, పేరు వేసుకునే వీలుండేది. ఏ దేశానికీ మొత్తంలో ఏడు శాతానికి మించి వీసాలు ఇవ్వరు. అమెరికాకు ఇప్పటికే ఎక్కువమంది వెళ్తున్నారన్న కారణంతో భారతీయులకు ఆ అవకాశం లేదు. దీనివల్ల ఒక తలకిందుల పరిస్థితి ఏర్పడింది. మన సాఫ్ట్‌వేర్ ఉద్యోగి మంచి జీతం తీసుకుంటూ హెచ్-1బీ మీద ఏళ్ళ తరబడి గ్రీన్ కార్డు కోసం ఎదురుచూస్తాడు. లాటరీలో వచ్చిన నేపాలీ గ్రీన్ కార్డుతో విమానం దిగి, మరునాడే అతి తక్కువ కూలికి పనిలో చేరేవాడు. 2019 లెక్కల ప్రకారం భారతీయ కుటుంబాల మధ్యస్థ ఆదాయం ఏడాదికి సుమారు 1,19,000 డాలర్లు, నేపాలీ కుటుంబాలది సుమారు 55,000. ఆసియా సమూహాల్లో నేపాలీల కంటే దిగువన బర్మా వాళ్ళు మాత్రమే ఉన్నారు.

అసలు తేడా పనిలో ఉంది. దీని గురించి కాస్త వివరంగా చెప్పాలి.

ఘానా మహిళ, ఒక్కోసారి పురుషుడు కూడా, వచ్చిన కొత్తలో వృద్ధుల ఇళ్ళకు వెళ్ళి చూసుకునే సహాయకురాలిగా చేరుతుంది. దానికి కనీసం 75 గంటల శిక్షణ కావాలి. కొన్నాళ్ళకు నర్సింగ్ హోంలో సహాయకురాలు అవుతుంది. ఆ తరువాత ఏడాది కోర్సు చేసి కింది స్థాయి నర్సు, మరో రెండేళ్ళు కమ్యూనిటీ కాలేజీలో చదివి పరీక్ష రాస్తే రిజిస్టర్డ్ నర్సు. అందరూ పైదాకా వెళ్ళరు. కానీ తరువాతి మెట్టు ఏమిటో ప్రతి ఒక్కరికీ తెలుసు. ఘానాలో పాలన భాష, బడి భాష ఇంగ్లీషే కావడం వల్ల పరీక్షలు కూడా భయపెట్టవు. నర్సింగ్ హోంలలో చాలా చోట్ల యూనియన్ ఉంటుంది. ఆరోగ్య బీమా ఉంటుంది, పింఛను ఖాతా ఉంటుంది. ఫిబ్రవరిలో నా దగ్గరికి వచ్చే ఘానా ఆవిడ చేతి సంచిలోంచి మూడు డబ్ల్యూ-2 కాగితాలు (ఏడాది జీతం, కోసుకున్న పన్ను చూపుతూ యజమాని ఉద్యోగికి ఇచ్చేవి) తీస్తుంది: ఒకటి నర్సింగ్ హోంది, ఒకటి ఇంటి సంరక్షణ ఏజెన్సీది, ఒకటి శని, ఆదివారాల రాత్రి పనిది. మూడూ కలిపితే మంచి మొత్తమే. ఆమె కళ్ళ కింద నలుపు చూస్తే ఆ మొత్తం ఎలా వచ్చిందో తెలుస్తుంది. అయినా పన్ను కోసుకుని ఇచ్చిన జీతం అది. సోషల్ సెక్యూరిటీలో ఆమె పేరు మీద లెక్క పడుతోంది. పదేళ్ళు అలా పడితే ముసలితనంలో పింఛను వస్తుంది.

నేపాలీ మహిళల్లో చాలామంది గోళ్ళ సింగారం చేసే సెలూన్లలో, లేదా పిల్లలను చూసుకునే ఆయాలుగా పని చేస్తారు. నన్ను దాయ్ (నేపాలీలో అన్నయ్య) అని పిలిచే ఒకావిడ ఏటా ఒక బడి నోటుపుస్తకం తెస్తుంది. అందులో తేదీ, రోజు కూలి, టిప్పు, పని లేక మధ్యాహ్నమే ఇంటికి పంపిన రోజు, అన్నీ దేవనాగరిలో ముత్యాల్లాంటి అక్షరాలతో రాసి ఉంటాయి. యజమాని ఇచ్చే జీతం కాగితం ఉండదు. ఒక ఏడాది ఇచ్చింది కూడా 1099 కాగితం, అంటే ఆమె ఉద్యోగి కాదు, స్వతంత్ర వ్యాపారి అని చెప్పేది. యజమాని కుర్చీలో కూర్చుని, యజమాని చెప్పిన వేళలకు పని చేసే మనిషి వ్యాపారి ఎలా అవుతుంది? ఆ ఒక్క కాగితం వల్ల యజమాని కట్టవలసిన వాటా కూడా ఆమె మీదే పడి, 15.3 శాతం స్వయం ఉపాధి పన్ను కట్టవలసి వస్తుంది. ఓవర్‌టైమ్ లేదు, నిరుద్యోగ భృతికి హక్కు అంత తేలికగా రాదు. నాకు ఈ పనిలో అన్నిటికంటే కోపం తెప్పించేది ఇదే. పదేళ్ళు అక్కడే పని చేసినా ఆమె చేరగలిగిన పై మెట్టు ఒక్కటే, తానే సెలూన్ పెట్టడం. దానికి పెట్టుబడి కావాలి.

ఈ పరిస్థితి మీద గట్టిగా పోరాడిన సంస్థ ఒకటుంది. 2005లో క్వీన్స్‌లో మొదలైన 'అధికార్' అనే నేపాలీ సంస్థ. 2010లో న్యూయార్క్ రాష్ట్రం ఇంటి పనివారి హక్కుల చట్టం తెచ్చినప్పుడు, 2015లో సెలూన్ కార్మికుల రక్షణకు నిబంధనలు తెచ్చినప్పుడు ఆ పోరాటాల్లో ఈ మహిళలు ఉన్నారు. అంత చిన్న, కొత్త సమూహం ఆ మాత్రం సాధించడం నాకు ఎంతో గౌరవంగా అనిపిస్తుంది. జీతం ఎగ్గొట్టారని నా దగ్గర వాపోయేవాళ్ళను అక్కడికే పంపుతాను.

కాగితాల విషయంలో కూడా నేపాలీల గుండె దడ ఎక్కువ. లాటరీలో వచ్చినవాళ్ళకు ఇబ్బంది లేదు. కానీ విద్యార్థి వీసా మీద వచ్చి ఫీజు కట్టలేక ఆగినవాళ్ళు, ఆశ్రయం కోరినవాళ్ళు, ఏజెంట్లకు లక్షలు పోసి దక్షిణ అమెరికా అడవుల మీదుగా వచ్చినవాళ్ళు కూడా ఉన్నారు. ఆ అప్పు ఊళ్ళో పొలం మీదో, మామగారి ఇంటి మీదో ఉంటుంది. వచ్చిన మొదటి మూడు నాలుగేళ్ళ సంపాదన దానికే పోతుంది. 2015 ఏప్రిల్ భూకంపం తరువాత అమెరికా తన దగ్గరున్న నేపాలీలకు తాత్కాలిక రక్షణ హోదా (వెనక్కి పంపకుండా, పని చేసుకోనిచ్చే అనుమతి) ఇచ్చింది. 2018లో ఒకసారి రద్దు చేస్తామన్నారు, కోర్టు ఆపింది. 2025 జూన్‌లో మళ్ళీ రద్దు ప్రకటించారు, అదీ కోర్టుకెక్కింది. పదేళ్ళు చట్టబద్ధంగా పన్ను కట్టిన మనిషి తన కాగితం చెల్లుతుందో లేదో వార్తల్లో చూసి తెలుసుకోవలసి రావడం దారుణం. ఘానా వాళ్ళలో కూడా వీసా గడువు దాటినవాళ్ళు ఉన్నారు. కానీ ఇలా ఒక పెద్ద గుంపు మొత్తం ఒకే తీర్పు కోసం వేచి చూసే స్థితి వాళ్ళకు రాలేదు.

ఇల్లు ఇద్దరికీ సమస్యే. బ్రాంక్స్‌లో ఘానా వాళ్ళు గ్రాండ్ కాన్‌కోర్స్ చుట్టుపక్కల పాత అపార్ట్‌మెంట్లలో ఉంటారు. అద్దె నియంత్రణ ఉన్న ఇల్లు దొరికినవాళ్ళు దాన్ని వదలరు. క్వీన్స్‌లో నేపాలీలు చాలామంది ఇళ్ళ కింది సెల్లార్లలో అద్దెకుంటారు. 2021 సెప్టెంబరు 1 రాత్రి ఐడా తుఫాను వరదలో వుడ్‌సైడ్‌లో ఒక షేర్పా కుటుంబం, తల్లి, తండ్రి, పసివాడు, అలాంటి ఇంట్లోనే మునిగి చనిపోయారు. ఆ వారం మా ఆఫీసుకు వచ్చిన ప్రతి నేపాలీ తన గది ఎంత లోతులో ఉందో చెప్పుకున్నాడు.

డబ్బు కూడబెట్టే పద్ధతి మాత్రం ఇద్దరిదీ ఒకటే, మనది కూడా. మన చిట్టీలాంటిదే నేపాలీల ఢుకుటీ, ఘానా వాళ్ళ సూసూ. పదిమందో ఇరవైమందో నెలనెలా వేస్తారు, వంతు వచ్చినవారు ఎత్తుకుంటారు. ఢుకుటీ డబ్బుతో పెట్రోలు బంకు పక్క దుకాణంలో వాటా కొన్న నేపాలీలు ఉన్నారు. సూసూ డబ్బుతో నర్సింగ్ ఫీజు కట్టిన ఘానా వాళ్ళు ఉన్నారు. బ్యాంకు అప్పు ఇవ్వని రోజుల్లో ఇదే వాళ్ళ బ్యాంకు. చీటీ ఎగ్గొట్టి పారిపోయిన కథలు కూడా మన ఊళ్ళలో మాదిరిగానే వింటాను.

పిల్లల విషయం చెప్పకుండా ఉండలేను. మన తెలుగు ఇళ్ళలో కానుపు అనగానే అమ్మ ఆరు నెలలకు విజిటర్ వీసా మీద వచ్చేస్తుంది. నేపాలీల, ఘానా వాళ్ళ తల్లిదండ్రులకు ఆ వీసా తరచుగా నిరాకరిస్తారు. పిల్లల సంరక్షణ కేంద్రం ఫీజు ఒక జీతం మింగేస్తుంది. అందుకే నెలల పిల్లను అమ్మమ్మ దగ్గరికి పంపేసి, మూడు నాలుగేళ్ళ తరువాత తెచ్చుకునే కుటుంబాలు రెండు వైపులా ఉన్నాయి. ఎదిగిన పిల్లలను క్రమశిక్షణ కోసం ఘానాలో హాస్టల్ బడికి పంపడం కూడా ఉంది. పిల్ల ఇక్కడ లేని ఏడాది పన్ను మినహాయింపు రాకపోవచ్చని చెప్పవలసింది నేనే. అలా చెప్పిన ప్రతిసారీ ఎదుటి కుర్చీలో కూర్చున్న తల్లి ముఖం చూడలేను.

సమాజంలో స్థానం సంగతికి వస్తే తూకం మారుతుంది. ఘానా మనిషి ఎంత సంపాదించినా వీధిలో పోలీసుకు నల్లవాడే. 1999లో బ్రాంక్స్‌లో అమదూ డియాలో అనే గినీ దేశపు యువకుణ్ణి నిరాయుధుడై ఉండగా పోలీసులు కాల్చి చంపారు. పశ్చిమ ఆఫ్రికా తల్లులు ఆ భయాన్ని ఇప్పటికీ మరవలేదు. నేపాలీలకు ఆ భయం అంతగా లేదు. వాళ్ళ బరువు లోపలిది. దళిత నేపాలీకి తోటి నేపాలీ గది అద్దెకివ్వకపోవడం నేను విన్న సంగతే. మనవాళ్ళలో ఆ జబ్బు లేదని చెప్పే ధైర్యం నాకు లేదు.

స్వదేశంతో బంధం కూడా లెక్కలోకి వస్తుంది. నేపాల్ స్థూల ఉత్పత్తిలో దాదాపు నాలుగో వంతు బయటనుంచి పంపే డబ్బే. బంగారం, కోకో ఎగుమతి చేసే ఘానాకు అంత ఆధారపడటం లేదు. ఘానా ద్వంద్వ పౌరసత్వాన్ని 2000 నుంచి అనుమతిస్తోంది. అందుకని అమెరికా పౌరసత్వం తీసుకోవడానికి వాళ్ళు వెనకాడరు, కుమాసీలోనో అక్రాలోనో గోడ గోడగా ఇల్లు కట్టుకుంటూ ఉంటారు. 2022లో అక్కడ ద్రవ్యోల్బణం 50 శాతం దాటినప్పుడు సగంలో ఆగిన ఇళ్ళ ఫొటోలు చాలామంది చూపించారు. నేపాలీ అమెరికా పౌరుడైతే నేపాల్ పౌరసత్వం పోతుంది. ప్రవాసీ పౌరసత్వం అని 2023లో చట్టం సవరించి ఇచ్చారు గానీ, దానికి ఓటు హక్కు లేదు. పొలం పేరు ఎవరి మీద ఉంచాలన్న చర్చతో గ్రీన్ కార్డు మీదే ఏళ్ళు గడిపేవాళ్ళు నాకు తెలుసు.

మీరు అంకెలతో పోల్చేటట్లయితే ఒక జాగ్రత్త తీసుకోండి. నేపాలీ మాట్లాడేవాళ్ళందరినీ ఒకే గంపలో వేయకండి. 1990 ప్రాంతంలో భూటాన్ వెళ్ళగొట్టిన నేపాలీ భాషీయులు తూర్పు నేపాల్ శిబిరాల్లో దాదాపు ఇరవై ఏళ్ళు గడిపి, 2008 నుంచి శరణార్థులుగా అమెరికా వచ్చారు. వాళ్ళు 90 వేల పైనే. ఒహాయోలోని కొలంబస్, పెన్సిల్వేనియాలోని హారిస్‌బర్గ్ వాళ్ళ ప్రధాన కేంద్రాలు. వాళ్ళకు వచ్చిన రోజునుంచీ కాగితాలు, కొంత ప్రభుత్వ సాయం ఉన్నాయి. కానీ చదువు, ఆరోగ్యం, మనోవ్యథ వేరే స్థాయిలో ఉంటాయి. క్వీన్స్ నేపాలీకి, కొలంబస్ భూటానీ నేపాలీకి ఉన్న తేడా, ఒక్కోసారి నేపాలీకి, ఘానా మనిషికి ఉన్న తేడా కంటే ఎక్కువ.

మనుషులను కలిసి అడగాలనుకుంటే, ఘానా వాళ్ళను ఆదివారం చర్చి ముగిశాక కలవండి, గంటల తరబడి మాట్లాడతారు. నేపాలీ సెలూన్ కార్మికులకు శని, ఆదివారాల్లో ఊపిరి సలపదు. వాళ్ళకు వారం మొదట్లో సెలవు దొరుకుతుంది, అప్పుడు జాక్సన్ హైట్స్‌లో డైవర్సిటీ ప్లాజా దగ్గరి మోమో దుకాణాల్లో కూర్చుంటారు. జీతం ఎంత అని నేరుగా అడగకండి. యజమాని ఏ కాగితం ఇస్తాడో అడగండి, మిగతాది వాళ్ళే చెబుతారు.